కోదాడ నీళ్ల డాక్టరు

ఆయన పోయాడని పేపర్లో చూసిన మర్నాడే ఇద్దరు పెద్దమనుషులు మా ఇంటికి వచ్చారు. సూర్యాపేటలో సంతాప సభ పెడుతున్నారట. "ఆయనతోని కలిసి పనిచేసినోళ్లల్ల మిగిలింది మీరొక్కరే అమ్మా. నాలుగు మంచి మాటలు చెప్పాలె," అన్నారు. నాలుగు ఎక్కడినుంచి తెచ్చేది? ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించేశాను. ఒంట్లో బాగానే ఉంది. బాగాలేనిది నా నోరు.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. పేపరువాళ్లు ఆయన కళ్లను చేటంత చేసిపెట్టారు. తెమడలో దాగిన క్షయ క్రిమిని గాజు గొట్టంలో పెంచి చూపించే విద్యను ఈ ప్రాంతానికి మొదట తెచ్చింది ఆయనేనట. ఆయన తెచ్చినవి నేను కళ్లారా చూశాను. ఒక దొరటోపీ, ఒక జత పాంకోళ్లు, వారం వారం కోదాడ నుంచి బస్సు మీద వచ్చే రెండు బిందెల నీళ్లు. ఇంతే. పేరు మాత్రం రాయను. తన పేరు అచ్చులో చూసుకోవడమంటే ఆయనకు చెప్పలేనంత ప్రీతి. పోయాక కూడా ఆ సంతోషం నా చేతుల మీదుగా ఎందుకు?

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు సంగతి ఇది. హైదరాబాదు నుంచి బెజవాడ పోయే రోడ్డు మీద ఇంకా మిలిటరీ లారీలు తిరుగుతున్నాయి. పల్లెల్లో ఆకలి, ఆకలి వెనకాలే దగ్గు. ఆ రోడ్డు పక్కన సూర్యాపేటలో రెండు గదుల పెంకుటిల్లు కిరాయికి తీసుకుని ఒక ధర్మసంస్థవాళ్లు చిన్న ల్యాబు పెట్టారు. తాలూకా దవాఖానల్లో క్షయ పరీక్ష ఏ పద్ధతిలో చేస్తే మేలో తేల్చి చెప్పాలి, అదీ పని. మద్రాసులో చదువుకొచ్చిన కోదాడవాడని ఆయన్ను పెద్దగా పెట్టారు. మిషను ఆసుపత్రిలో నర్సుగా ఉండి, ఈ పనే ఆరేళ్లు చేశానని నన్ను ఆయన కింద పెట్టారు. నాకప్పుడు ముప్ఫై ఏళ్లు. ఒంటరిదాన్ని, నోటి దురుసుదాన్ని.

ఆ పనేమిటో కాస్త చెప్పాలి, లేకపోతే ఆయన గొప్పతనం మీకు తెలియదు. కోడిగుడ్లు కొట్టి, అందులో గ్లిజరినూ ఒక ఆకుపచ్చ రంగు మందూ కలిపి, గాజు గొట్టాల్లో పోసి, ఏటవాలుగా పడుకోబెట్టి ఆవిరి మీద గట్టిపరుస్తాం. చూడటానికి పచ్చటి జున్నులా ఉంటుంది. రోగి తెమడను కాస్టిక్ సోడాలో కాసేపు నానబెడితే తక్కిన క్రిములు చస్తాయి, క్షయ క్రిమి చావదు. అది మొండిది. ఆ సోడా ఘాటును విరగ్గొట్టి, అడుగున తేరినదాన్ని ఈ గుడ్డు జున్ను మీద రాసి, కిరసనాయిలు దీపంతో నడిచే వెచ్చటి పెట్టెలో పెడతాం. తరువాత ఎదురుచూడటమే. క్షయ క్రిమి నాలుగు వారాలకో ఆరు వారాలకో మెల్లగా బయటపడుతుంది, ఎండిన గోధుమరవ్వ చల్లినట్టు. ఎనిమిది వారాలైనా ఏమీ మొలవకపోతే లేదని చెప్పాలి. ఉందని తొందరగా చెప్పలేం. లేదని అసలే తొందరగా చెప్పలేం.

పేచీ అంతా ఆ సోడా ఘాటు విరగ్గొట్టే దగ్గర. నేను మిషను డాక్టరమ్మ నేర్పినట్టు, కాచి చల్లార్చిన యాసిడ్ నీళ్లు బొట్టు బొట్టుగా వేసి విరగ్గొట్టేదాన్ని. ఒక్కో గొట్టానికి అరగంట పట్టేది. ఆయనకు అది ముసలమ్మ ముచ్చటలా కనిపించింది. "యాసిడ్ ఎందుకండీ సిస్టరు గారూ? శుభ్రమైన నీళ్లతో మూడుసార్లు కడిగి పారబోస్తే ఘాటు అదే పోతుంది. మా పద్ధతి చూడండి," అన్నాడు. తన గురించి 'మేము' అనేవాడు. మేము అనుకున్నాం, మేము గమనించాం. ఆ 'మేము'లో నేనున్నానేమోనని మొదటి వారం పొరబడ్డాను.

శుభ్రమైన నీళ్లంటే ఆయన లెక్కలో ప్రపంచంలో ఒకే ఒక్క బావి ఉంది. అది కోదాడలో వాళ్ల ఇంటి వెనక ఉంది. సూర్యాపేట నీళ్లు తాగితే తెలివి మందగిస్తుందని ఆయన నిజంగానే నమ్మేవాడు. ల్యాబులో కిటికీ పక్క బల్ల మీద ఎర్రమట్టి కూజా, దాని మూతి మీద తడి గుడ్డ. ఎవరొచ్చినా ముందు ఒక గ్లాసు పోసి చేతికిచ్చి, వాళ్లు తాగేదాకా ఎదురుగా నిలబడి మొహంలోకి చూసేవాడు. ఏమీ అనకపోతే కదలడు. "కొబ్బరినీళ్ల లెక్క ఉన్నయి సార్," అంటేనే వచ్చిన పని అడిగేవాడు. ఊళ్లో అందరికీ ఇది తెలిసిపోయింది. గడప దాటుతూనే నీళ్లను పొగిడేవాళ్లు, పని తొందరగా అవుతుందని.

"మరిగించి చల్లార్చినా ఈ రుచి పోలేదు చూశారా? అదీ మా కోదాడ," అనేవాడు నాతో. నేను తాగేదాన్ని కాదు. నాకు మా ఇంటి నీళ్లే ఇంపు.

ఇంకో అలవాటు, పాంకోళ్లు. చెప్పులతో దుమ్ము వస్తుందని ల్యాబు గడపలో విప్పేసి, పాంకోళ్లు వేసుకుని తిరిగేవాడు. ఆయన ఏ మూల ఉన్నాడో టకటక చప్పుడే చెప్పేది. గాజు గొట్టాన్ని వెలుతురుకు పట్టి, ఎడమ కన్ను మూసి, కుడి కన్ను చికిలించి, పెన్సిలుతో గొట్టం మీద రెండుసార్లు కొట్టేవాడు. లోపల ఉన్నది లేచి సలాం కొడుతుందనుకునేవాడో ఏమో. రోగితో నేరుగా మాట్లాడేవాడు కాదు. రోగి ఎదురుగానే కూర్చుని ఉంటే నా వైపు తిరిగి, "ఆవిడని ఓసారి దగ్గమనండి," అనేవాడు. తనకు తెలియదని నోటితో ఎన్నడూ ఒప్పుకోలేదు. తెలియనిదంతా 'పరిశీలనలో' ఉండేది. ఆయన పరిశీలనలో ఉన్నది నా జీవితకాలంలో బయటికి రాలేదు.

సరే, పోటీ మొదలైంది. ప్రతి తెమడనూ రెండు భాగాలు చేసి, ఒకటి నా పద్ధతిలో, ఒకటి ఆయన పద్ధతిలో గొట్టాలకు ఎక్కించాం. ఏడో రోజో ఎనిమిదో రోజో ఆయన గొట్టాల్లో కొన్నింటిలో మొలకలు కనబడ్డాయి. నావి బోసిగా ఉన్నాయి. ఆ రోజు ఆయన పాంకోళ్ల చప్పుడు రోడ్డు మీదికి వినిపించి ఉంటుంది.

"చూశారా! మీ ముసలి పద్ధతికి నెలన్నర. మాకు వారం!"

నేను గొట్టం తీసి చూశాను. పసుపు రంగు. మెత్తగా, నిగనిగలాడుతూ, వెన్న పూసినట్టుంది. మిషను డాక్టరమ్మ ఎన్నిసార్లో చెప్పింది, తొందరగా వచ్చి రంగు తేలేది క్షయ కాదు, మట్టిలోనూ నీళ్లలోనూ ఉండే దాని దూరపు చుట్టమని. మనిషిని ఏమీ చేయదు, కానీ రంగు మందు పూసి మైక్రోస్కోపు అద్దం కింద పెడితే క్షయ క్రిమిలాగే ఎర్రగా కనిపిస్తుంది. అదే చెప్పాను.

ఆయన అద్దం కింద పెట్టి చూశాడు. "ఎర్రగా ఉందా లేదా?"

"ఉందండి. కానీ రంగూ, వేగమూ..."

"మీ గొట్టాల్లో రాలేదని మా గొట్టాల్లోది తప్పంటే ఎలాగండీ? అందని పువ్వు దేవుడికని ఎవరో అన్నారట. అలా ఉంది."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆయన చెప్పేదాంట్లో ఒక తర్కం ఉంది, అదే నాకు ఒళ్లుమంట. రెండు పద్ధతులు పక్కపక్కన పెడితే ఎక్కువ పట్టుకున్నదే మంచిదనిపిస్తుంది. ఎక్కువ పట్టుకున్న వలలో చేపలున్నాయో గులకరాళ్లున్నాయో చూడాలన్న ఆలోచన ఆయనకు రాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ మూడు కాళ్లను బల్ల మీద నిలబెట్టి వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు.

ఇదంతా గాజు గొట్టాల మధ్య గొడవగా ఉండిపోతే ఇప్పుడు రాసేదాన్ని కాదు. మిర్యాలగూడ నుంచి ఒక అత్తా కోడలూ వచ్చారు. కోడలికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఒళ్లో అయిదు నెలల ఆడపిల్ల. భర్త అక్కడి బియ్యం గిర్నీలో బస్తాలు మోస్తాడు. ఆ అమ్మాయి దగ్గుతూనే పిల్లకు పాలిస్తోంది, దగ్గు వచ్చినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుంటోంది.

"డాక్టర్ సాబ్, బాలింత జరం వచ్చినకాన్నుంచి దీనికి దగ్గు పోతలేదు," అంది అత్త. "గది క్షయనా కాదా, తేల్చి చెప్పున్రి. నా పెద్దకొడుకు గదే రోగంతోని పోయిండు. ఇంకోపాలి నేను సూడలేను."

"ఉట్టి దగ్గే అత్తమ్మా," అంది కోడలు.

"ఉట్టిదైతే మంచిదే. కాకుంటే పిల్లను నీకాడ ఉంచ."

ఆ అత్తను నేను తప్పుపట్టను. బిడ్డను పోగొట్టుకున్న మనిషి. క్షయ ఉన్న తల్లి దగ్గర పసిపిల్లను ఉంచకూడదని మేమే ఊరూరా చెబుతున్న రోజులవి. పరీక్ష తేలాక మేము పంపే చిట్టీలో ఏముంటే దాన్నిబట్టే పిల్ల ఎవరి దగ్గర ఉండేదీ తేలుతుంది. అందరికీ ఆ సంగతి తెలుసు.

డాక్టరు వాళ్లకు నీళ్లిచ్చాడు. ముసలమ్మ తాగి మూతి తుడుచుకుంది. కొబ్బరినీళ్ల ముచ్చట ఆమెకు తెలియదు కాబట్టి ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. తెమడ తీసుకున్నాం. రెండు భాగాలు చేశాం.

ఎనిమిదో రోజున ఆయన గొట్టంలో పసుపు మొలిచింది. నాది బోసి. "ఇంకా ఏడు వారాలు ఆగుదామండి. పాలు తాగే పిల్ల ఉంది," అన్నాను.

"పిల్ల ఉంది కాబట్టే ఆగకూడదు సిస్టరు గారూ. మీకు పద్ధతి ముఖ్యం. మాకు రోగి ముఖ్యం," అన్నాడు. అని, క్షయేనని చిట్టీ రాసి, కింద రెండు వంకర్లతో సంతకం పెట్టి, తపాలాకు ఇచ్చేశాడు.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి భర్త దగ్గుమందు కోసం వచ్చాడు. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "ఆమెను పొలంకాడ కొట్టంల ఉంచినం అమ్మా. పిల్ల మా అమ్మకాడ ఉన్నది. మేకపాలు పోస్తున్నం, కక్కుతున్నది." ఆగి అడిగాడు, "గది నిజంగ గదే రోగమా అమ్మా? ఆమెకు మునుపటిలెక్క దగ్గు కూడ లేదు ఇప్పుడు."

నేను మందు సీసా నింపి ఇచ్చాను. నా ఒళ్లు మండిపోతోంది. ఆ పసుపు క్రిమి ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవాలనే పట్టుదల ఆ రోజే పుట్టింది.

పట్టుకోవడం ఎంత సులువైందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. డాక్టరు వంటమనిషి కూడా కోదాడవాడే. మర్నాడు పొద్దున ల్యాబుకు కాస్త ముందు వచ్చాను. ఆ వంటమనిషి బిందె ఎత్తి నేరుగా కూజాలోకి వంచుతున్నాడు. పొయ్యి మీద ఏమీ లేదు.

"మరిగించవా?" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూసి గొంతు తగ్గించాడు. "మరిగిస్తే చప్పబడతాయి గదండీ సిస్టరమ్మా. వచ్చిన కొత్తలో ఒకసారి మరిగించా. ఇవి మా బావి నీళ్లే కావని బిందె అవతల పారేయించారు. అప్పట్నుంచి మరిగించామని చెప్పి పచ్చినీళ్లే పోస్తున్నా. రుచి బాగుందంటున్నారు. నా ఉద్యోగం నేను చూసుకోవాలి గదా!"

బావి నీళ్లు. వారం రోజులు బిందెలో నిలవ. ఎన్నడూ లోపల తోమని కూజా. ఆ నీళ్లతోనే మూడుసార్లు కడగడం. నేను అప్పటికప్పుడు నాలుగు గుడ్డు గొట్టాలు తీసుకుని, తెమడ చుక్క కూడా లేకుండా, కూజా నీళ్లు మాత్రం వాటి మీద పోసి వెచ్చటి పెట్టెలో వెనక వరుసలో పెట్టాను. వేసిన తేదీ, మొలిచిన తేదీ చీటీ మీద రాసి అంటించడం నా అలవాటు. వేసిన తేదీ రాశాను. ఆరో రోజున నాలుగింటిలోనూ పసుపు వెన్న పూసింది. మొలిచిన తేదీ రాశాను.

ఆ గొట్టాలు ఆయన ముందు పెట్టాను.

"ఇవి చూడండి" అని మాత్రం అన్నాను. ఆయన ఒకటి తీసి కిటికీకి పట్టాడు. ఎడమ కన్ను మూశాడు. పెన్సిలుతో రెండుసార్లు కొట్టాడు.

"ఆహా! ఇది చూడండి సిస్టరు గారూ. ముదిరిన కేసు. రెండు ఊపిరితిత్తులూ పట్టేసి ఉంటుంది. ఎవరండీ, మగమనిషా?"

"కాదండి."

"ఆడమనిషా? పాపం. కొట్టంలో విడిగా ఉంచమని వెంటనే రాయాలి. ఏ ఊరు?"

"కోదాడండి."

"మా ఊరే! ఎవరు?"

"కూజా అండి. తమరి కూజా. ఈ నాలుగు గొట్టాల్లోనూ మనిషి తెమడ లేదు. అంతా తమరు తాగే నీళ్లే."

ఈ కథ ఇక్కడిదాకా నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. తరువాత పనిచేసిన ప్రతి ఆసుపత్రిలో, కొత్తగా వచ్చిన ప్రతి నర్సుకూ చెప్పాను. కూజాకు రెండు ఊపిరితిత్తులూ పోయాయని నేను ఆయన గొంతుతో అంటుంటే కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. ఎప్పుడూ ఇక్కడే ఆపేదాన్ని. ఇవాళ ఆపను.

గొట్టాలు ఆయన ముందు పెట్టానని రాశాను. ఎప్పుడు పెట్టానో రాయలేదు. అవి మొలిచిన రోజున పెట్టలేదు. ఆ మర్నాడూ పెట్టలేదు. అయిదు వారాలు వెనక వరుసలో దాచి ఉంచి, అప్పుడు పెట్టాను.

ఎందుకంటే, ఆ రోజు పెడితే సగం గెలుపే అవుతుంది. ఆయన పసుపు తప్పని తేలుతుంది గాని, నా బోసి గొట్టాలు నిజమని తేలదు. మిర్యాలగూడ అమ్మాయి గొట్టం ఎనిమిది వారాలూ బోసిగా ఉండి తీరాలి. అప్పుడు రెండూ కలిపి ఆయన ముందు పెడితే ఇక నోరెత్తడు. అందని పువ్వన్నాడు కదా, పూలదండే వేద్దామనుకున్నాను. ఏమని అంటే ఏమని తిరిగి అనాలో రోజూ అనుకునేదాన్ని. చేస్తున్నది శాస్త్రమేనని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడే చెప్పినా ఆయన ఎట్లాగూ ఒప్పుకోడు, చిట్టీ మార్చడు, ఆయన సంతకం లేకపోతే ఆ అత్త వినదు, చెప్పి లాభమేమిటి అని కూడా చెప్పుకున్నాను. ఒప్పుకుంటాడో లేదో ఒక్కసారైనా అడిగి చూడలేదు.

ఆ అయిదు వారాల్లో ఆ అమ్మాయి భర్త రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి, "పిల్ల సన్నబడ్డదమ్మా," అన్నాడు. రెండోసారి, "ఆమె కొట్టంల నుంచి పిల్ల ఏడుపు ఇనపడ్డప్పుడల్ల లేసి నిలబడుతున్నది. దూరం నుంచన్న సూపియ్యమంటున్నది. మా అమ్మ వద్దంటున్నది," అన్నాడు. నీళ్ల గొట్టాలున్న పెట్టె నా వీపుకు తగిలేంత దగ్గరలో ఉంది. "ఇంకొన్నాళ్లు ఓపిక పట్టు," అని రెండుసార్లూ మందు సీసా ఇచ్చి పంపాను.

ఇప్పుడు ఆ కిటికీ దగ్గరికి రండి. కూజా అన్న మాటకు డాక్టరు ముందు నవ్వాడు. నేను హాస్యమాడానని అనుకున్నాడు. ఎనిమిది వారాలూ బోసిగానే ఉండిపోయిన మిర్యాలగూడ అమ్మాయి గొట్టం కూడా పక్కన పెట్టి, వంటమనిషిని పిలిచాను. ఆయన తలొంచుకుని ఉన్నదంతా చెప్పేశాడు. డాక్టరు నవ్వు ఆగింది. గొట్టాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి మొలకను చూడలేదు, చీటీని చూశాడు. వేసిన తేదీ చదివాడు. మొలిచిన తేదీ చదివాడు. గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. నా వైపు చూశాడు.

నేను అన్ని మాటలూ సిద్ధం చేసుకున్నాను, ఆ ఒక్క చూపుకు తప్ప.

ఆయన గొట్టాన్ని బల్ల మీద పెట్టాడు. "పసుపు మొలిచినవాళ్లకు ఎన్ని చిట్టీలు రాశాం?" అని అడిగాడు.

"ఆరు."

కుర్చీలో కూర్చుని, ముందు పంపింది తప్పని ఆరుగురికీ వరసగా కొత్త చిట్టీలు రాశాడు. త్రిపురారం ఒకటి, కోదాడ ఒకటి, నేరేడుచర్ల ఒకటి, సూర్యాపేటలోనే రెండు. మిర్యాలగూడది కూడా రాసి, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది తపాలాలో వద్దు. పసిపిల్ల ఉంది. మిర్యాలగూడ బస్సు ఎన్నింటికి?" పాంకోళ్లు విడిచాడు, చెప్పులు వేసుకున్నాడు. నన్ను రమ్మని పిలవలేదు. నేనే వెనక నడిచాను.

బస్సులో మాత్రం మళ్లీ మామూలు మనిషే. సీటు మీద రుమాలు పరిచాడు. టోపీని ఒళ్లో పెట్టుకుని దానికి ఎవరి మోచెయ్యీ తగలకుండా కాపలా కాశాడు. బస్సు ఎందుకు ఆలస్యంగా నడుస్తుందో కండక్టరుకు శాస్త్రోక్తంగా వివరించాడు.

మిర్యాలగూడలో దిగి అడుగుతూ అడుగుతూ వాళ్ల ఇంటికి పోయాం. భర్త గిర్నీకి పోయాడు. ముసలమ్మ పిల్లను చంకనేసుకుని వాకిట్లో ఉంది. డాక్టరును చూసి కొంగు సర్దుకుంది. ఆయన కోడలిని పిలిపించమన్నాడు. పక్కింటి మనిషి పొలానికి పోయి తీసుకొచ్చింది. ఆ అమ్మాయి వాకిలి దాకా వచ్చి, లోపలికి రావచ్చో లేదో తెలియక అక్కడే ఆగిపోయింది. కళ్లు మాత్రం పిల్ల మీదే.

డాక్టరు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. క్రిముల్లో రకాలు, వాటి చుట్టాలు, నీటిలో ఉండేవి, మట్టిలో ఉండేవి. ఆ ఇద్దరూ నోరు తెరిచి వింటున్నారు. ఆ స్థితిలో కూడా ఉపన్యాసమిచ్చే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

చివరికి ముసలమ్మే అడ్డం తగిలింది. "సాబ్, గవన్ని నాకు తెల్వదు. బిడ్డను దానికియ్యాల్నా, ఇయ్యొద్దా?"

ఆయన ఆగిపోయాడు. అప్పుడు, నేను చూసినంతలో మొదటిసారి, రోగి వైపు తిరిగి నేరుగా మాట్లాడాడు. "నీకు ఏ రోగమూ లేదమ్మా. పరీక్షలో తప్పు జరిగింది. తప్పు నాది. నీ పిల్లను నువ్వు తీసుకో."

ముసలమ్మ గబగబా నడిచి పిల్లను కోడలి చేతుల్లో పెట్టింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. వెనక్కి వంగిపోతూ నాయనమ్మ కొంగు కోసం చేతులు చాచింది. తల్లి కూర్చుని రొమ్ము పట్టించబోయింది. పిల్ల నోరు తిప్పుకుంది. రెండోసారి కూడా తిప్పుకుంది.

"పాలు ఎన్నడో ఇగిరిపోయినయి," అంది ఆ అమ్మాయి, ఎవరితోనూ కాకుండా. తరువాత తలెత్తింది. డాక్టరు వైపు కాదు, నా వైపు. "గీ సంగతి మీకెప్పుడు ఎరుకైందమ్మా?"

నేను నోరు తెరిచేలోపే డాక్టరు అందుకున్నాడు. "ఇవాళ పొద్దున్నేనమ్మా. తెలిసిన వెంటనే బయల్దేరాం. ఈ సిస్టరు గారే కనిపెట్టారు."

ఆ అమ్మాయి నమ్మింది. ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుని వీపు నిమురుతూ నాతో అంది, "నాకెరుకనే అమ్మా. నీకు ముందుగాల తెలిస్తే ఉరికొచ్చేదానివి."

"అవును బిడ్డా," అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన టోపీ కళ్ల మీదికి లాక్కుని నిద్రపోయాడు, లేదా నిద్ర నటించాడు. సంస్థకు పంపిన రిపోర్టులో సిస్టరు గారి పద్ధతే మేలని రాశాడు. నీళ్ల గొట్టాల సంగతి కూడా రాశాడు, తన కూజాతో సహా. తేదీలు రాయలేదు. ఆ తరువాత ఇంకో రెండేళ్లు ఆయన కింద పనిచేశాను. గుడ్లు సరిగ్గా గిలకొట్టలేదని విసుక్కున్నాడు, దీపం మసిబట్టిందని చీవాట్లు పెట్టాడు, సూర్యాపేటవాళ్లకు బుర్ర లేదని వెయ్యిసార్లు అన్నాడు. ఆ అయిదు వారాల గురించి ఒక్కసారి, పొరపాటునైనా, ఒక్క మాట ఎత్తిపొడవలేదు. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ పడదు.